రాచపుండు విజృంభించు విధము
(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఆర్మూరు ప్రాంతమున పసుపును గూర్చి తెలియనివారు లేరు. తొలకరి వానలకు విత్తనము నేలలో పెట్టినది మొదలు, తొమ్మిది మాసములు కాచుకొని, త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి, కొమ్మును మండను వేరుపరచి నిజామాబాదు మార్కెట్టు యార్డునకు చేర్చువరకు ఇచ్చటి కుటుంబముల ఆశలన్నియు ఆ పంటమీదనే యుండును. 2025 సంక్రాంతినాడు జాతీయ పసుపు బోర్డు నిజామాబాదున ప్రారంభింపబడినది. కనుక పసుపు ధరను గూర్చి గాని, తెగుళ్లను గూర్చి గాని ఈ సభకు క్రొత్తగా చెప్పవలసినది లేదు. చెప్పవలసినది వేరొకటి కలదు.

త్రవ్వకపు వేళ గునపము కాలికి తగిలినను, కొడవలి వ్రేలిని కోసినను, ఇంటనున్న పసుపును గాయముపై నద్దుట తరతరముల ఆచారము. కొలది దినములలో గాయము మానును. పసుపు మాన్పెనా, శరీరము తనంత తానే మాన్పుకొనెనా యని విచారించువారు అరుదు. అయితే అదే చేయి, నోటిలో మానని పుండు పుట్టినపుడును పసుపునే వెదకును. బీడీ త్రాగువానికో, తంబాకు నమలువానికో నాలుక ప్రక్కన గాని, బుగ్గ లోపల గాని ఒక తెల్లని మచ్చ పుట్టును. నొప్పి యుండదు. అది పుండగును, పుండునకు పసుపు పెట్టుదురు, తేనె పెట్టుదురు, పూత వేయుదురు. మాసములు గడచును. ఒకనాడు దవడ క్రింద గట్టి గడ్డ చేతికి తగులును. అప్పుడు ఆసుపత్రికి ప్రయాణమగుదురు. ఒక పుండు ఎందువలన మానినది, రెండవది ఎందువలన విజృంభించినది? పెద్దలు రాచపుండనియు, వైద్యులు క్యాన్సరనియు పిలుచు ఈ వ్యాధి నానాటికి క్రూరమగుటకు కారణమేమి? నేటి ప్రసంగమునకు ఇదియే విషయము.

ముందుగా మానెడు గాయమును చూడవలెను. చర్మము తెగిన నిమిషములలో రక్తము గడ్డకట్టును. ఆ గడ్డలోని సూక్ష్మకణములు కొన్ని రసాయనములను వెలిగ్రక్కును. అవి ఊరిలో మ్రోగించిన దండోరా వంటివి. ఆ పిలుపును విని రక్తములోని తెల్లకణములు వచ్చి క్రిములను మ్రింగును. గాయమెఱ్ఱబారుట, వాచుట, వేడెక్కుట ఈ పనికి గుర్తులు. పిమ్మట అంచులనున్న చర్మకణములు తమ స్వభావమును తాత్కాలికముగ మార్చుకొనును. అంతవరకు ఇరుగుపొరుగు కణములను గట్టిగ పట్టుకొని కదలక మెదలక యున్నవి, ఆ పట్టును సడలించి, గాయపు నడిమికి ప్రాకుచు, రెట్టింపగుచు పోవును. క్రొత్త రక్తనాళములు మొలచును. గాయము పూడినంతనే దండోరా ఆగును. ప్రాకిన కణములు మరల పట్టుకొని నిలచును. పనిలేని రక్తనాళములు ఎండిపోవును. ఎంత ఆశ్చర్యకరమైన పనియో, అంతకంటె ఆశ్చర్యకరము దాని ఆగుట.

1986 లో హెరాల్డు డ్వోరాక్ అను అమెరికా వైద్యుడు ఒక వ్యాసమును ప్రకటించుచు, కంతులనగా మానని గాయములని పేర్కొనెను. అది కేవలము ఉపమానము కాదు. రక్తనాళములను మొలిపించు ఒక ముఖ్య పదార్థమును ఆయన బృందము 1983 లోనే కంతులలో గుర్తించియుండెను. గాయము మాన్పుటకు శరీరము వాడు సాధనములనే క్యాన్సరు వాడుకొనుచున్నదనియు, ఆగుమను ఆజ్ఞ మాత్రము దానికి చెవికెక్కదనియు క్రమముగ తేలినది. దీనికి నూరేండ్లకు పూర్వమే, 1863 ప్రాంతమున, జర్మనీ దేశపు విర్కో పండితుడు కంతులలో తెల్లకణములను చూచి, చిరకాలపు వాపునకును క్యాన్సరునకును సంబంధమున్నదని ఊహించెను.

తెలుగుదేశమున దీనికి సాక్ష్యము కావలెనన్న విశాఖపట్టణము, శ్రీకాకుళము తీరమునకు పోవలెను. అచ్చట పల్లెలలోని స్త్రీలలో అనేకులు చుట్టను తిరగవేసి, నిప్పు కొసను నోటిలోనుంచుకొని పీల్చెడువారు. అడ్డపొగ యని దానికి పేరు. క్యాన్సరు సాధారణముగ అంగిటికి వచ్చుట అరుదు. ఆ తీరమున మాత్రము అది అంగిటనే ఎక్కువగ కనబడినది. 1957 లో రెడ్డి, రావు అను వైద్యులు ఈ విషయమై ఒక పత్రమును ప్రకటించిరి. తరువాత అనేక దేశములవారు వచ్చి పరిశీలించిరి. దినదినము కాలుచు, మానుచు, మరల కాలుచు నుండు చోట కణములకు విశ్రాంతి లేదు. రెట్టింపగు ప్రతిసారి పొరపాటునకు ఒక అవకాశము. పైగా పొగాకులోని విషములు కణముల లోపలి వ్రాతనే చెరచును. నిజామాబాదు జిల్లాలో వేలాది తల్లులు తునికాకు చుట్టి బీడీలు చేసి సంసారములను నెట్టుకొని వచ్చుచున్నారు. అది వారి తప్పు కాదు, వారి బ్రతుకు. కాని ఆ బీడీ పొగలోను ఈ విషములే యున్నవి.

కణముల లోపలి వ్రాత యనగానేమి? ఇది గ్రంథాలయ సభ గనుక చెప్పుట సులభము. ప్రతి జీవకణము నడుమను డి.ఎన్.ఏ. అను పదార్థముతో వ్రాయబడిన ఒక గ్రంథము గలదు. తల్లినుండి ఒక ప్రతి, తండ్రినుండి ఒక ప్రతి. ఒక్కొక్క ప్రతి సుమారు మూడు వందల కోట్ల అక్షరములు. కణము రెండగునపుడెల్ల ఈ గ్రంథమంతయు తిరిగి ప్రతిచేయబడవలెను. ఎంత నేర్పరియైన లేఖకునికైనను అక్కడక్కడ తప్పులు దొరలును. వానిలో అధికభాగము హానిలేనివి. 1982 లో శాస్త్రజ్ఞులు మూత్రకోశపు క్యాన్సరు కణములను పరీక్షించి, రాస్ అను జన్యువున ఒకే ఒక అక్షరము మారియుండుటను కనుగొనిరి. రాస్ అనునది కణమునకు పెరుగుమని చెప్పు మీట వంటిది. ఆరోగ్యవంతమగు కణములో ఆ మీట వెలుపలినుండి పిలుపు వచ్చినపుడు తెరచుకొని, తనంత తాను మూసికొనును. ఆ ఒక్క అక్షరము మారుటచే గ్లైసీను ఉండవలసిన చోట వాలీను వచ్చి కూర్చుండెను. మీట తెరచుకొన్నది మరల మూతపడలేదు. పిలిచెడువారు లేకయే కణము పెరుగసాగెను.

తప్పులను పట్టుకొను కావలివాడును కణమునందు కలడు. పి53 అను ఆ పదార్థమును 1979 లో కనుగొనినపుడు, అదియే క్యాన్సరును కలిగించునని తలచిరి. పదియేండ్లకు గాని అది దొంగ కాదు, కావలివాడని తేలలేదు. గ్రంథము చెడినపుడు పి53 ప్రతిచేయుటను నిలిపివేయును. చక్కబడనిచో ఆ కణమునే చంపివేయును. మనుష్యుల క్యాన్సర్లలో దాదాపు సగము వానియందు ఈ కావలివాడు చెడిపోయియుండును. ఏనుగు దేహమున మనుష్యునికంటె ఎన్నోరెట్లు కణములున్నను క్యాన్సరు అరుదు; దాని గ్రంథమున పి53 జన్యువునకు ఇరువది ప్రతులున్నవని 2015 లో తెలిసినది. కావలివాడు పోయిన కణమున తప్పులపై తప్పులు పేరుకొనును.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. క్యాన్సరు కణము బుద్ధిపూర్వకముగ క్రూరమగుట లేదు. దానికి పగ లేదు, ఉపాయము లేదు. ఆర్మూరు, అంకాపూరు ప్రాంతముల రైతులకు విత్తన వ్యవసాయము తెలియును. ఎఱ్ఱజొన్న విత్తనము ఇచ్చటినుండి పశుగ్రాసమునకై ఉత్తరదేశమునకు పోవుచున్నది. విత్తనపు చేనిలో కేళీలను ఏరివేయనిచో ఏమగునో వారికి చెప్పనక్కరలేదు. పొడవుగ, వడిగ పెరుగు మొక్క ఎండను దొరలించుకొనును, ప్రక్కవానిని నీడచేయును, దాని గింజయే మరుసటి ఏట ఎక్కువ మొలచును. 1976 లో పీటరు నోవెల్ అను శాస్త్రజ్ఞుడు క్యాన్సరు కూడ ఇట్టిదేయని ప్రతిపాదించెను. కంతిలోని కోట్ల కణములలో ఏది వడిగ పెరుగునో, ఏది ఆకలికి ఓర్చుకొనునో, ఏది మందును తట్టుకొనునో దాని సంతానము మిగులును, మెత్తనివి నశించును. క్రూరత్వమనునది ఈ ఏరివేతయొక్క ఫలము. చేనిలో ఏరువాడు రైతు. ఇచ్చట ఏరునది ఆకలి, ఊపిరాడమి, మందు.

ఈ మాటకు అన్నిటికంటె చక్కని నిదర్శనము ఒక తెలుగువాని పనిలో దొరకును. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12 న భీమవరమున జన్మించెను. బీదకుటుంబము. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు, ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టము రాక, తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసి వచ్చెను. ఆయన అన్న పురుషోత్తము స్ప్రూ అను ఉష్ణదేశపు గ్రహణి పాలై మరణించెను. 1922 లో ఆయన అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే పండితునితో కలసి పనిచేసి, 1927 లో కండరములలోని ఫాస్ఫోక్రియాటినును, 1929 లో ఏ.టి.పి. అను పదార్థమును గుర్తించెను. జీవకణమున ఏ పని జరిగినను చెల్లింపు ఏ.టి.పి. రూపముననే జరుగును, అది కణపు చెల్లుబడి నాణెము. గుండె కొట్టుకొనుటకును, చేయి ఎత్తుటకును, క్యాన్సరు కణము రెట్టింపగుటకును ఆ నాణెమే.

1940 లో సుబ్బారావు హార్వర్డును విడచి న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లీ సంస్థలో చేరెను. అప్పటికి కొన్నియేండ్లకు ముందు లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీల పాండురోగమును పరిశీలించి, ఈస్టుసారముతో అది నయమగుటను చూచియుండెను. ఆ సారములోని గుణకారి ఫోలికామ్లము. సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ బృందము 1945 నాటికి దానిని కృత్రిమముగ తయారుచేసెను. ఆయన అన్నను మ్రింగిన స్ప్రూ వ్యాధికి అది మందైనది. అన్న మరణించి అప్పటికి ఇరువదియేండ్లు దాటినవి.

ఫోలికామ్లము చేయు పని యేమి? కణము తన గ్రంథమును ప్రతిచేయవలెనన్న క్రొత్త అక్షరములు కావలెను. ఆ అక్షరములను కూర్చుటకు చిన్న తునకనొకదానిని మోసికొని వచ్చు కూలివాడు ఫోలికామ్లము. వడిగ రెట్టింపగు కణములకు ఈ కూలివాండ్రు ఎక్కువగ కావలెను. రక్తమును పుట్టించు ఎముకల మూలుగ అట్టిది. కనుకనే ఇది పాండురోగమున మేలు చేయును.

బోస్టను నగరమున పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడుండెను. రక్తపు క్యాన్సరగు ల్యూకీమియా పిల్లలకు వచ్చినచో ఆ దినములలో వారములలోనో, నెలలలోనో మరణమే. లెడర్లీనుండి వచ్చిన ఫోలికామ్లపు సంయోగములను ఫార్బర్ ఆ పిల్లలకిచ్చి చూచెను. వ్యాధి తగ్గలేదు సరికదా, మూలుగలో రోగకణములు మరింత వడిగ పెరుగుటను చూచెను. పాండురోగికి ఆహారమైనది క్యాన్సరు కణమునకును ఆహారమే యయ్యెను. వేరొకడైన వెరచి విడిచిపెట్టియుండును. ఫార్బర్ ఆలోచించినది వేరు: పెట్టినచో విజృంభించునది, తీసివేసినచో కృశింపవలెను గదా. ఫోలికామ్లమును పోలియుండి, దాని స్థానమును ఆక్రమించి, పని మాత్రము చేయని మారుపదార్థములను సుబ్బారావు బృందము తయారుచేసియుండెను. వానిలో అమినాప్టెరిన్ ఒకటి. ఫోలికామ్లమను కూలివాడు బరువు దించిన తరువాత మరల పనికి సిద్ధమగుటకు ఒక ఎంజైము తోడ్పడును. అమినాప్టెరిన్ ఆ ఎంజైమును పట్టుకొని విడువదు.

1948 జూన్ 3 న ఫార్బర్ తన ఫలితములను ప్రకటించెను. మందు పుచ్చుకొన్నవారు 16 మంది పిల్లలు. పదిమందికి మేలు కనబడెను. ల్యూకీమియా ఒక మందుచే వెనుకంజ వేయుట పిల్లల విషయమున అదియే మొదలు. ఆ సంవత్సరమే ఆగస్టు 9 న సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించెను. వయస్సు 53 సంవత్సరములు. ఆయన కడవరకు అమెరికా పౌరసత్వమును స్వీకరింపలేదు. బోదకాలు మందగు హెట్రజాన్ కూడ ఆయన సంస్థనుండియే వచ్చినది. ఆ మాత్రను మ్రింగిన తెలుగువారు లక్షలు, ఆయన పేరు విన్నవారు అందులో ఎందరో చెప్పుట కష్టము.

ఫార్బర్ తన పత్రపు శీర్షికలోనే "తాత్కాలిక" మను విశేషణమును వాడెను. అది నిజాయితీగల మాట. మేలు పొందిన పిల్లలకును కొన్ని మాసములలో వ్యాధి తిరుగబడెను. ఆ తిరుగబడిన వ్యాధికి అదే మందు పనిచేయలేదు. ఎందువలన? సమాధానమునకు ముప్పదియేండ్లు పట్టినది. అమినాప్టెరిన్ తమ్ముడగు మెథోట్రెక్సేటునకు లొంగని ఎలుక కణములను 1978 లో రాబర్ట్ షిమ్కే బృందము పరీక్షించెను. మందు పట్టుకొనెడు ఆ ఎంజైముయొక్క జన్యువునకు ఆ కణములలో ఒకటి రెండు ప్రతులు కాదు, కొన్నిట ఇన్నూరు వరకు ప్రతులుండెను! పన్ను వసూలుకు వచ్చినవాడు ఒక కొట్టును మూసినచో, వీధియంతయు కొట్లే తెరచినట్లయ్యెను. మందు ఎన్నిటినని పట్టగలదు? మరికొన్ని కణములు మందు లోపలికి వచ్చు ద్వారమును మూసికొనుననియు, మరికొన్ని లోపలికి వచ్చిన మందును తోడి బయట పోయుననియు తరువాత తెలిసినది. మందు వచ్చుటకు ముందు ఇట్టి కణమునకు ప్రత్యేక లాభమేమియు లేదు. మందు వచ్చిన పిదప అదియే చేనికి యజమాని.

కనుక 1960 దశకమున వైద్యులు ఒక మందు నొంటిగ ఇచ్చుట మాని, వేర్వేరు విధముల పనిచేయు మూడు నాలుగు మందులను కలిపి యిచ్చుట నేర్చిరి. ఒకదానికి లొంగని కణము మరియొకదానికి లొంగును. అన్నిటికి ఒక్కసారి లొంగని కణము దొరకుట అరుదు. నేడు ధనికదేశములలో పిల్లలకు వచ్చు ముఖ్యమగు ల్యూకీమియా నూటికి తొంబదిమందికి నయమగుచున్నది. ఆ చికిత్సలో మెథోట్రెక్సేటునకు ఇప్పటికిని చోటున్నది. 1956 లో గర్భసంచిలోని మాయకు సంబంధించిన ఒక క్యాన్సరును ఈ మందే ఒంటిగ నయముచేసెను. శరీరమున వ్యాపించిన గట్టి కంతి మందుతో పూర్తిగ నయమగుట అదియే తొలిసారి.

మందు లేనిచోట ఏరువాడు ఆకలియని పైన చెప్పబడినది. దానిని కొంచెము విప్పవలెను. 1920 దశకమున ఆటో వార్బర్గ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, క్యాన్సరు కణములు ప్రాణవాయువు సమృద్ధిగ నున్నను చక్కెరను పూర్తిగ దహింపక, లాక్టికామ్లముగ మార్చి బయట పారవేయుటను గుర్తించెను. ఏ.టి.పి. నాణెముల లెక్కన చూచినచో ఇది దుబారా. కాని సగము కాలిన ఆ చక్కెర తునకలు క్రొత్త కణములను కట్టుటకు ఇటుకలుగ పనికివచ్చును; బయట పారవేసిన ఆమ్లము ప్రక్కనున్న మంచి కణములను బాధించి, కాపలాకు వచ్చిన తెల్లకణములను నీరసింపజేయును. ఈ చక్కెర దాహమును ఆధారము చేసికొనియే నేటి పెట్ స్కాను యంత్రము క్యాన్సరు ఎచ్చట దాగియున్నదో చూపుచున్నది.

కంతి పెరిగినకొలది దాని నడిమికి రక్తము చేరదు. 1971 లో జూడా ఫోక్మన్, కంతి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటవలెనన్న తన రక్తనాళములను తాను పిలుచుకొనవలెనని చెప్పెను. చాలమంది అప్పుడు నమ్మలేదు. ఆ పిలుపు ఎట్లు పుట్టునో తరువాత తెలిసినది. కణములలో హిఫ్ అను పదార్థము ఎల్లపుడు తయారగుచు, ప్రాణవాయువు ఉన్నంతకాలము ఎప్పటికప్పుడు నాశనమగుచుండును. ఊపిరాడనపుడు నాశనము ఆగును. హిఫ్ నిలచి వందల జన్యువులను మేల్కొల్పును. రక్తనాళములను పిలుచుట, చక్కెరను వేగముగ వాడుట, ఇరుగుపొరుగుల పట్టును సడలించి వేరొక చోటికి పోవుట, ఇవి యన్నియు దాని ఆజ్ఞలే. కొండలెక్కువారికిని, రక్తహీనులకును ప్రాణము నిలుపు ఈ యేర్పాటును వివరించినందులకు ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019 లో నోబెలు బహుమానము లభించెను. కంతి నడుమ ఊపిరాడక చావవలసిన కణములలో చావనివే అతి కఠినములు. పి53 కావలి లేనివి, హిఫ్ ఆజ్ఞను పొందినవి, రక్తము అందనందున మందు కూడ అందనివి. రక్తనాళములను మాత్రము కత్తిరించు మందులు 2004 నుండి వాడుకలో నున్నవి. వానివలన మేలున్నను, పెక్కుమారులు అది కొన్ని మాసముల మేలుగానే మిగిలినది. ఆకలిగొన్న కణము వలసపోవుటకు నేర్చునేమో యని కొన్ని జంతుప్రయోగములు సందేహమును కలిగించినవి.

వలసయే ఈ వ్యాధిలో ప్రాణాంతకమగు ఘట్టము. క్యాన్సరు మరణములలో అధికభాగము పుట్టినచోటి కంతివలన కాక, ఊపిరితిత్తులకో, కాలేయమునకో, మెదడునకో, ఎముకలకో వ్యాపించిన కంతులవలననే కలుగుచున్నవి. చర్మకణములను ఒకదానితో నొకటి కుట్టియుంచు క్యాడ్హెరిన్ అను పదార్థము మాయమగును. చుట్టునున్న గోడను కరగించు ఎంజైములు పుట్టును. కణము రక్తములో పడును. పడినవానిలో బహుస్వల్పభాగమే, పదివేలకు ఒకటి కూడ కాదేమో, మరియొకచోట మొలకెత్తునని 1970 ప్రాంతపు ఎలుకల ప్రయోగములు చూపినవి. మొలకెత్తుచోటు యాదృచ్ఛికము కాదు. 1889 లో స్టీఫెన్ పేజెట్ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు రొమ్ము క్యాన్సరుతో మరణించిన 735 మంది స్త్రీల వివరములను పరిశీలించి, వ్యాధి కాలేయమునకు పోయినంతగ అంతే రక్తము ప్రవహించు ప్లీహమునకు పోకుండుటను చూచి, విత్తనము ఎన్ని దిక్కుల చల్లబడినను తనకు తగిన నేలయందే మొలచునని వ్రాసెను. ఆ మాటను లండను వైద్యులకు వివరించి చెప్పవలసి వచ్చినదేమో గాని, ఆర్మూరు రైతునకు అక్కరలేదు. నల్లరేగడిలో పండునది చౌడునేలలో పండునా? పైగా కంతి తన విత్తనము పోవుటకు ముందే కొన్ని సంకేతములను పంపి దూరపు నేలను దుక్కి చేయించుకొనుననియు ఇటీవలి పరిశోధనలు చెప్పుచున్నవి.

ఇక పసుపు. ఈ ఊరిలో ఈ ప్రశ్న నడుగక ఎవరును విడువరు గనుక సూటిగ చెప్పుట మంచిది. పసుపునకు రంగునిచ్చు కర్క్యుమిన్ అను పదార్థము 1815 లో వేరుచేయబడినది. దాని నిర్మాణము 1910 లో తెలిసినది. పసుపు గాయమును మాన్పునను విషయముపై 1995 లో అమెరికాలో ఒక పేటెంటు మంజూరు కాగా, భారత శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలి అది తరతరముల దేశీయ జ్ఞానమని గ్రంథసాక్ష్యములతో నిరూపించి 1997 లో రద్దుచేయించెను. అది గర్వింపదగిన గెలుపు. గ్రంథములను భద్రపరచుటవలన కలుగు లాభమునకు అది ఒక తార్కాణము కూడ.

ప్రయోగశాలలో గాజుపాత్రయందు పెరుగు క్యాన్సరు కణములపై కర్క్యుమిన్ పోసినచో అవి కృశించుట నిజమే. గాయపు దండోరాకు సంబంధించిన ఎన్.ఎఫ్. కప్పా బి అను మీటను అది అణచునని 1990 దశకమునుండి వేలకొలది పత్రములు వెలువడినవి. అయితే ఆ రంగమున మిక్కిలి ప్రసిద్ధుడగు ఒక పరిశోధకుని పత్రములనేకములు చిత్రములలోని దోషములవలన ఉపసంహరింపబడినవి. 2017 లో రసాయనశాస్త్రజ్ఞులు కొందరు అంతవరకు జరిగిన పనినంతయు సమీక్షించి, కర్క్యుమిన్ నీటిలో నిలువదనియు, మ్రింగినది రక్తమునకు చేరునది అత్యల్పమనియు, ప్రయోగశాల పరీక్షలను తప్పుదారి పట్టించు స్వభావము దానికున్నదనియు, రోగులపై కట్టుదిట్టముగ జరిగిన పరీక్షలలో అది నెగ్గిన దాఖలా లేదనియు వ్రాసిరి. గాజుపాత్రలో కణమును చంపునది రోగిని బ్రతికించునని కాదు; ఉప్పునీరు కూడ పాత్రలోని కణమును చంపును. అంతేకాదు, సైక్లోఫాస్ఫమైడు అను క్యాన్సరు మందు పనికి కర్క్యుమిన్ అడ్డుపడవచ్చునని 2002 లో జంతుప్రయోగములు సూచించినవి. కూరలోని పసుపునకు ఈ భయము లేదు. చికిత్స జరుగుచుండగ పసుపు గుళికలను వైద్యునికి చెప్పక వాడుటయే ప్రమాదము. పసుపు పండించువాని యెదుట పసుపు రాచపుండును మాన్పదని చెప్పుట కష్టమే. కాని ధర పడిపోవునను భయము కంటె పుండు ముదురునను భయము పెద్దది.

ఎందువలననగా, పైన చెప్పినవన్నియు కాలముతో ముడిపడియున్నవి. తెల్లమచ్చ నాటికి కణములలో తప్పులు కొన్నియే, గోడ దాటలేదు, రక్తనాళములను పిలువలేదు. ఆనాడు చిన్న శస్త్రచికిత్సతో తీరిపోవచ్చును. నోటి క్యాన్సరు మెడలోని గ్రంథులకు చేరినచో బ్రతుకు అవకాశము సుమారు సగమునకు తగ్గునని శస్త్రవైద్యులందరును ఎరిగిన విషయము. పసుపు పూసిన ఆ నాలుగు మాసములలో లోపల ఏరివేత జరుగుచునే యుండును. మూడు వారములు దాటినను మానని నోటిపుండు, రొమ్మున తగులు గడ్డ, ముట్లుడిగిన పిదప కనబడు రక్తము, నానాటికి మారు గొంతు, వీనిలో ఏది కనబడినను నిజామాబాదు వైద్యకళాశాల ఆసుపత్రిలో చూపించుకొనవచ్చును. చిన్న ముక్కను తీసి సూక్ష్మదర్శినిలో చూతురు. ముక్క తీసినచో వ్యాధి రేగునను భయము పల్లెలలో బలముగ నున్నది. ఆ భయమునకు ఆధారము లేదు, రేగునది ఆలస్యమువలననే.

హైదరాబాదున మెహదీ నవాజ్ జంగు పేర వెలసిన ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి 1955 నుండి పనిచేయుచున్నది. ఆర్మూరునుండి పెద్దరోడ్డుమీద రెండు వందల కిలోమీటర్లకు లోపే. అచ్చట ల్యూకీమియాతో వచ్చిన బిడ్డకు ఇచ్చు మందులలో మెథోట్రెక్సేటు ఒకటి. సీసాలోని ఆ మందు రంగును పసుపే.